అమెరికన్లకు తమ ఫుట్‌బాల్ అంటే ఎందుకంత ఇష్టమో తెలుసుకోవడం ఎలా?

ప్రపంచమంతా కాలితో ఆడే ఫుట్‌బాల్‌ను పక్కన పెట్టి, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే తన సొంత ఫుట్‌బాల్‌ను అమెరికా ఎందుకు ఎంచుకుందో తెలుసుకోవాలనుకునే వారు, అక్కడ ఉంటున్నట్లయితే, టీవీతో కాకుండా తమ ఊరి హైస్కూలు మైదానంతో మొదలుపెట్టడం మంచిది. శరదృతువులో శుక్రవారం రాత్రి అక్కడ బ్యాండు వాయించే పిల్లలు, వారి తల్లిదండ్రులు, పాత విద్యార్థులు అందరూ కనిపిస్తారు. ఈ ఆటపై మమకారం పుట్టేది ప్రేక్షకులు కూర్చునే ఆ మెట్ల మీదే.

మొదట బంతి కోసం వెతకకండి, రెండు జట్లు ఎదురెదురుగా వంగి నిలబడే గీతను చూడండి. బంతి ఉన్న జట్టు నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు సాగాలి. సాగితే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. ఇది ఎన్నో అవకాశం, ఇంకా ఎన్ని గజాలు కావాలి అని ప్రతిసారీ చూసుకోండి. మిగిలిన బంతులనూ కావలసిన పరుగులనూ లెక్కగట్టే అలవాటున్న క్రికెట్ అభిమానికి ఇది త్వరగానే పట్టుబడుతుంది. మూడో అవకాశంలో ఎనిమిది గజాలు కావాలంటే సాధారణంగా బంతిని దూరంగా విసురుతారని, ఒక్క గజమే కావాలంటే బంతిని పొట్టకు అదుముకుని గుంపులోకి దూసుకుపోతారని మీరే ముందుగా ఊహించగలుగుతారు.

ఆ తరువాత చరిత్ర చూడండి. 1863లో లండన్‌లో నియమాలు కుదిరిన ఆటను బ్రిటిష్ నావికులు, వర్తకులు, రైల్వే ఇంజనీర్లు దక్షిణ అమెరికా దాకా తీసుకెళ్లారు. అమెరికాలో మాత్రం ఆట నియమాలు విశ్వవిద్యాలయాల చేతిలో పడ్డాయి. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు ఆడిన ఆటలో బంతిని పట్టుకుని పరుగెత్తడానికి వీలులేదు. అయితే 1874లో కెనడాకు చెందిన మెక్‌గిల్ జట్టుతో ఆడిన హార్వర్డ్, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే రగ్బీ వైపు మొగ్గింది, ఇతర కళాశాలలూ క్రమంగా అదే దారి పట్టాయి. యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ చొరవతో 1880లో మీరు చూసిన ఆ గీత, 1882లో అవకాశాల లెక్క వచ్చాయి. అప్పట్లో మూడు అవకాశాల్లో ఐదు గజాలు సాగితే చాలు.

కాలితో ఆడే ఫుట్‌బాల్‌ను అమెరికాలో సాకర్ అంటారు. అమెరికన్లకు సాకర్ నచ్చదని తేల్చేయడం మాత్రం తొందరపాటు. 1930లో జరిగిన మొదటి ప్రపంచకప్‌లోనే వారి జట్టు సెమీఫైనల్‌కు చేరింది. చదువులో స్త్రీపురుష వివక్షను నిషేధించిన 1972 నాటి చట్టం కళాశాలల్లో అమ్మాయిల ఆటలకు తలుపులు తెరిచింది, మహిళల జట్టు 1991, 1999, 2015, 2019 ప్రపంచకప్‌లను గెలుచుకుంది. అందుచేత అమెరికాలో సాకర్ స్థానాన్ని అంచనా వేసేటప్పుడు పురుషుల జట్టు ఫలితాలతో ఆగిపోకండి, అమ్మాయిల కళాశాల పోటీ ఒకటి కూడా చూడండి.