ఎక్కడ ఆపారో రాసుకోండి: ఫాంటసీ నవలల్లో మీకు పడేది వెతుక్కోవడం ఎలా

మూడేళ్ళ కిందట సంక్రాంతికి వస్తూ మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఇటుకంత పుస్తకం తెచ్చాడు. "అక్కా, ఫాంటసీ అంటే ఇదీ. చదువు" అన్నాడు. ఎనభై మూడో పేజీలో మూసేశాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం కదా, నా ఇంగ్లీషు చాలలేదనుకున్నాను. రెండు నెలలు అది బియ్యం డబ్బా మీదే ఉంది. మా అత్తయ్య దాని మీద చింతపండు ఎండబెట్టుకున్నారు.

మాది మలికిపురంలో జిరాక్స్ కొట్టు. అరువు రాసుకునే ఖాతా పుస్తకం ఎప్పుడూ చేతి కిందే ఉంటుంది. ఓ మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు దాని చివరి పేజీ తిప్పి ఇలా రాశాను: "83. మళ్ళీ కొత్త మనిషి వచ్చాడు. పాతవాళ్ళే ఇంకా గుర్తు లేరు." ఇప్పటికి అలాంటి వరుసలు ఇరవై పైన ఉన్నాయి. కొత్తగా ఫాంటసీ చదవాలనుకునే ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. చదివేసిన పుస్తకాల లిస్టు ఎలాగూ గుర్తుంటుంది. ఆపేసినవాటికే ఖాతా పెట్టండి. పేజీ నంబరు వేసి, అక్కడ కథలో ఏం జరుగుతోందో ఒక్క వాక్యం రాయండి. "బోర్ కొట్టింది" అని మాత్రం రాయొద్దు, దానివల్ల తర్వాత మీకేమీ తెలియదు. అప్పు పుస్తకంలో "సుబ్బారావు గారు, డబ్బులు" అని రాసి ఊరుకుంటే ఎంత వసూలవుతుందో, అదీ అంతే.

అయిదు వరుసలయ్యేసరికి నా సంగతి నాకు తెలిసింది. ఇంగ్లీషు కష్టమై ఆపింది ఒక్కటే. మిగతా నాలుగూ ఒకే చోట ఆపాను, అధ్యాయం మారగానే మనుషులూ ఊరూ కూడా మారిపోయే చోట. అంటే నాకు ఒక మనిషి వెంట నడిచే కథ కావాలి. ఇది తెలిశాక పుస్తకం ఎంచుకోవడం సగం తేలికైంది.

రెండో పని, ఫాంటసీ అనే మాట తెలియకముందు మీకు ఏ మాయ నచ్చేదో గుర్తు చేసుకోవడం. మనకు ఇదేం కొత్త సరుకు కాదు. 'పాతాళభైరవి' (1951) వచ్చినప్పుడల్లా టీవీ ముందు కూర్చున్నవాళ్ళు తోట రాముడు గుహలోకి దిగడం కోసం చూశారా, నేపాళ మాంత్రికుడి కోసం చూశారా? 'మాయాబజార్' (1957)లో మీకు ముందు గుర్తొచ్చేది ఘటోత్కచుడి అనుచరులు చేసే గోలా, వివాహ భోజనమా? మాంత్రికుడూ, గోలా, భోజనమూ అయితే మీకు కావలసింది నవ్వించే మాయ. డయానా విన్ జోన్స్ రాసిన 'హౌల్స్ మూవింగ్ కాసిల్' (1986) పట్టుకోండి. టోపీల కొట్లో పనిచేసే సోఫీ అనే పిల్ల, ఓ మంత్రగత్తె శాపం వల్ల తొంభై ఏళ్ళ ముసలమ్మ అయిపోతుంది. ఏడుస్తూ కూర్చోకుండా ఓ మాంత్రికుడి కోటలో దూరి చీపురు పట్టుకుంటుంది, పొయ్యిలో ఉండే అగ్నిభూతాన్ని కూడా దబాయిస్తుంది. కొట్లో కూర్చునేదాన్ని కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువ నచ్చిందేమో.

ఇంకో రకం ఉంది, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా అంతర్వేది స్థలపురాణం వినే ఉంటారు. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడికి ఓ వరం ఉంది. అతని ఒంటి నుంచి కారిన రక్తంతో ఎన్ని ఇసుక రేణువులు తడిస్తే అంతమంది రాక్షసులు పుడతారు. సముద్రం ఒడ్డున, అంతా ఇసుకే ఉన్న చోట అలాంటి వరం! నరసింహస్వామి ఎంత కొడితే సైన్యం అంత పెరిగింది. అప్పుడు అశ్వరూఢాంబిక వచ్చి నేల మీద నాలుక పరిచింది. రక్తం ఇసుకలో పడలేదు, రాక్షసులు పుట్టలేదు, వాడి పని అయిపోయింది. ఆ తల్లినే మేం గుర్రాలక్క అంటాం. ఆవిడ చేసిందేమిటంటే, వరంలో "ఇసుక" అన్న మాట పట్టుకుంది. చిన్నప్పుడు తీర్థానికి వెళ్ళి ఈ కథ విన్న ప్రతిసారీ నేను ఆ నాలుక దగ్గరే ఆగిపోయేదాన్ని.

మీరూ అక్కడే ఆగిపోయే రకమైతే, లెక్కా పద్ధతీ ఉన్న మాయ మీకు నచ్చుతుంది. బ్రాండన్ శాండర్సన్ 'మిస్ట్‌బార్న్' (2006)లో మనుషులు లోహాల పొడి మింగి కడుపులో "మండిస్తారు". ఇనుము మండిస్తే చుట్టుపక్కల లోహాలు మనవైపు లాక్కోవచ్చు, ఉక్కు మండిస్తే అవతలికి తొయ్యొచ్చు. ఎక్కడిదక్కడ నియమం. ఆ నియమంలో సందు ఎక్కడ దొరుకుతుందా అని పేజీలు తిప్పుతాం. కాకపోతే లావు పుస్తకం, మొదటిదిగా వద్దు.

మన పురాణాలను మార్చి రాసే నవలలు ఇప్పుడు కుప్పలుగా ఉన్నాయి. నాకు పడలేదు. ఎక్కడ మార్చారా అని వెతుకుతూ కూర్చుంటాను. మా తోడికోడలికి అవే ప్రాణం, వాటి గురించి ఆవిడనే అడగాలి.

తెలుగులోనే మొదలుపెడతామంటే సిగ్గుపడక్కర్లేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్, 1954లో మొదలైన 'తోకచుక్క' దగ్గర్నుంచి 'పాతాళదుర్గం', 'మాయాసరోవరం' దాకా, చిత్ర గారి బొమ్మలతో సహా, నిఖార్సయిన ఫాంటసీలే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' కూడా. కాశీకి నడిచిపోతూ మజిలీకో కథ చెప్పుకుంటారు. భాష పాతది, మొదటి పది పేజీలూ నోట్లో రాయి పెట్టుకున్నట్టు ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. శాఖా గ్రంథాలయంలో అడగండి. బీరువా తాళం తీసి వెతికి పెట్టమని అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంగ్లీషు పుస్తకం కొనేముందు నేను పెట్టే పరీక్ష పంటు పరీక్ష. కొట్టుకి పేపర్ కట్టలు తేవడానికి వారానికోసారి సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్ళనూ మనుషులనూ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురం వెళ్తాను. కిండిల్ యాప్‌లో ఏ పుస్తకానికైనా మొదటి కొన్ని పేజీలు ఉచితంగా దిగుతాయి. బళ్ళన్నీ ఎక్కించి పంటు కదిలాక తెరుస్తాను. అవతలి ఒడ్డుకి చేరేలోపు నాలుగైదు పేజీలవుతాయి. అందరూ బళ్ళు స్టార్ట్ చేస్తుంటే "అయ్యో, అప్పుడే వచ్చేసిందా" అనిపిస్తే కొంటాను. మధ్యలో వాట్సాప్ తెరిచానంటే కొనను. మీకు పంటు లేకపోతే బస్సు, లేకపోతే అన్నం ఉడికే టైము. ఇంట్లో తీరిగ్గా కూర్చుని మాత్రం పరీక్షించకండి, తీరిక ఉంటే ఏదైనా బాగానే ఉంటుంది.

మాటలకు అర్థాలు తెలియక టెన్షన్ పడొద్దు. యాప్‌లో మాట మీద వేలు నొక్కి పట్టుకుంటే అర్థం వస్తుంది. కానీ పేజీకి మూడుసార్లకు మించి నొక్కొద్దు, కథ చల్లారిపోతుంది. చాలా మాటలు డిక్షనరీలో ఉండవు కూడా, రచయిత కల్పించుకున్నవే. పేర్లకు మాత్రం ఓ చీటీ పెట్టుకోండి. టోల్కీన్ 'హాబిట్' (1937)లో మొదటి అధ్యాయంలోనే పదమూడుమంది మరుగుజ్జులు ఒకరూ ఇద్దరూ, తర్వాత గుంపులుగా తలుపు కొట్టి లోపలికొస్తారు. నా ఖాతా ప్రకారం అక్కడే మూసేయాలి. మూయలేదు. చెప్పకుండా దిగబడ్డ మగపెళ్ళివారిలా ఇంట్లో ఉన్నవన్నీ తినేస్తుంటే ఆ ఇంటాయన పడే అవస్థ చూస్తూ ఉండిపోయాను. పేర్లంటారా, తోరిన్ పెద్ద, బాంబర్ లావు. ఈ రెండూ చాలు.

పుస్తకం ముందుండే మ్యాపు తర్వాత చూడొచ్చు. నది రెండుగా చీలినట్టు గీస్తే తప్పని కొందరు తెగ వెక్కిరిస్తారు. ధవళేశ్వరం దగ్గర గోదావరిని చూసి మాట్లాడమనండి.

సీరీస్ విషయంలో జాగ్రత్త. తమ్ముడు తెచ్చిన ఆ ఇటుక పేరు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'. మొదటి భాగం 1996లో వచ్చింది, అయిదోది 2011లో. ఆరోదాని కోసం జనం ఇంకా ఎదురుచూస్తున్నారు. అందుకే మొదటి మూడు పుస్తకాలూ ఒక్కదాంతో కథ అయిపోయేవి తీసుకోండి. టెర్రీ ప్రాచెట్ 'డిస్క్‌వరల్డ్' నవలలు నలభై ఒకటి ఉన్నా భయం లేదు, మధ్యలో ఎక్కడైనా ఎక్కొచ్చు.

అచ్చు పుస్తకం ఆన్‌లైన్లో మరీ చవగ్గా వస్తోందంటే అనుమానించండి. నాకు వచ్చిన ఒకదాంట్లో 96 తర్వాత 129 ఉంది. అక్కడిదాకా చదివేసరికి తిప్పి పంపే గడువు దాటిపోయింది. జిరాక్స్ కొట్టుదాన్ని అయ్యుండీ అచ్చు చూసి పోల్చుకోలేకపోయాను! ఇప్పుడు పార్సిల్ విప్పగానే నోట్లు లెక్కపెట్టినట్టు పేజీలు లెక్కపెడుతున్నాను.

ఇక ఎవరినైనా అడగాల్సి వస్తే "మంచి ఫాంటసీ చెప్పండి" అనకండి. అలా అడిగితే వాళ్ళకు నచ్చింది చెప్తారు, మా తమ్ముడిలాగే. మీ ఖాతాలోంచి రెండు నచ్చినవీ, ఒకటి ఆపిందీ, ఎందుకు ఆపారో చెప్పి అడగండి. మొన్న వాడికి ఇలా మెసేజ్ పెట్టాను: "సోఫీ నచ్చింది. హాబిట్ నచ్చింది. నీ ఇటుక వద్దు, జనం ఎక్కువ. ఒక్కడే మనిషి ఉండాలి, మూడొందల పేజీలు దాటకూడదు."

వాడు పంపింది సుసానా క్లార్క్ 'పిరనేసి' (2020). అంతులేని ఇల్లు, నిండా శిల్పాలు, కింది అంతస్తుల్లో సముద్రం. అందులో ఉండేవాడు ఏ పోటు ఎప్పుడొస్తుందో లెక్క రాసుకుంటూ బతుకుతుంటాడు. మా రేవులో పోటూ పాటూ చూస్తూ పెరిగినదాన్ని, తప్పు పట్టాలనే మొదలుపెట్టాను. నర్సాపురం రేవులో అందరూ దిగిపోయాక, పంటు కుర్రాడు "ఆయ్, మళ్ళీ వెనక్కే వెళ్తారా అండీ" అని అడిగాడు.