ముందు బ్రేకులు కీచుమన్నా, వణికినా, లాగినా: ఇంట్లోనే ప్యాడ్లు, డిస్కులు మార్చేవారికి

బ్రేకు శబ్దం చేస్తోందనగానే కొత్త ప్యాడ్లు తెచ్చి వేసేయడం మన దగ్గర అలవాటైపోయింది. శబ్దం పోతుంది. కొన్ని నెలలు గడిచాక అదే చక్రం దగ్గర మళ్లీ అదే శబ్దం. ప్యాడ్ అరిగింది నిజమే, కానీ ఆ ఒక్క పక్కే ఎందుకు అంత తొందరగా అరిగిందో ఎవరూ చూడలేదు. పాత ప్యాడ్లను అవతల పారేసే ముందు చేతిలోకి తీసుకుని చూడండి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా ముందు చక్రాల డిస్క్ బ్రేకుల గురించే. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్క్, దాన్ని రెండు పక్కలా నొక్కి ఆపేవి ప్యాడ్లు. వరంగల్, కరీంనగర్ రోడ్ల మీద కనిపించే చిన్న కార్లలో చాలావాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి ముందు ప్యాడ్లే ఎక్కువ పని చేస్తాయి, అవే ముందు అరుగుతాయి.

పొద్దున మొదటి బ్రేకుకు గరగర, తర్వాత ఏమీ ఉండదు

వానాకాలంలో రాత్రంతా బయట నిలబడ్డ కారుకు ఇది మామూలే. డిస్క్ పోత ఇనుముతో చేసింది, ఒక్క రాత్రి తడికే పైన పల్చటి తుప్పు పడుతుంది. నాలుగైదు బ్రేకులకు రాలిపోతుంది. ఏమీ మార్చక్కర్లేదు.

సన్నగా కీచుమంటోంది

చాలా ప్యాడ్లకు అంచున చిన్న రేకు ముక్క ఉంటుంది. ప్యాడ్ అరిగి చివరికి వచ్చేసరికి ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమంటుంది. అది హెచ్చరిక, దాన్ని పట్టించుకోవాలి. చక్రం విప్పి చూడండి. వెనక ఉన్న ఇనుప పలకను వదిలేసి, అరిగే పదార్థం మందం మాత్రమే కొలవాలి. కొత్తదానికి దాదాపు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కు వచ్చిందంటే మార్చే టైమ్ అయినట్టే.

బయటి ప్యాడ్‌ను చూసి లోపలిదీ అలాగే ఉందనుకోవద్దు. చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే కనిపించేది బయటి ప్యాడ్ మాత్రమే. అది సగం మిగిలి ఉండగానే లోపలిది పలక దాకా అరిగిపోయిన కార్లు చాలా ఉంటాయి.

మందం బాగానే ఉండి కూడా కీచుమంటే ప్యాడ్ వెనక ఉండే పల్చటి షిమ్ రేకు పడిపోయి ఉండాలి, లేదా ప్యాడ్ కూర్చునే క్లిప్పుల్లో తుప్పు, మట్టి పేరుకుని ఉండాలి. శుభ్రం చేసి, క్లిప్పులు మార్చి, ప్యాడ్ చెవులు జరిగే చోట బ్రేక్ గ్రీజు పల్చగా రాస్తే చాలు.

ఇనుము ఇనుముకు రాసుకుంటున్న శబ్దం

దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి ప్రమాదం, రెండోది ఏమీ కాదు. బ్రేకు వేసినప్పుడే గరగరమని, పెడల్ మీద కాలికి కూడా తెలుస్తుంటే ప్యాడ్ పూర్తిగా అయిపోయి ఇనుప పలక డిస్కును కోస్తోంది. ఆ కారును ఇక నడపకండి. బ్రేకు వేసినా వేయకపోయినా చక్రంతో పాటు గీసుకుపోతున్నట్టు వినిపిస్తే, డిస్కుకూ దాని వెనక ఉండే దుమ్ము రేకుకూ మధ్య కంకర రాయి ఇరుక్కుని ఉండొచ్చు. కంకర పరిచి వదిలేసిన రోడ్ల మీద, గోదావరి ఇసుక లారీలు తిరిగే దారుల్లో ఇది తరచూ జరిగేదే. మెల్లగా నాలుగడుగులు రివర్స్ తీసుకుంటే ఒక్కోసారి రాయి దానంతటదే పడిపోతుంది. పడకపోతే చక్రం విప్పి, రేకును స్క్రూడ్రైవర్‌తో కాస్త వెనక్కి వంచి తీసేయొచ్చు.

నాట్ల టైమ్‌లో పొలాల్లోంచి వచ్చే ట్రాక్టర్లు రోడ్డంతా బురద చేస్తాయి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయే కార్లు గంటల తరబడి దుమ్ములో ఆగుతూ కదులుతూ పోతాయి. ఆ ఇసుక ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చేరితే సానరాయిలా పనిచేస్తుంది. డిస్క్ మీద వలయాలుగా గీతలు పడతాయి. గోరుతో అడ్డంగా గీకితే గోరు పట్టుకునేంత లోతు గీతలుంటే ఒక్క ప్యాడ్లు మార్చి ఊరుకుంటే లాభం లేదు.

బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది

ముందు ఒకటి తేల్చుకోండి. బ్రేకు వేయకుండానే 80 దగ్గర వణుకుతుంటే అది చాలావరకు వీల్ బ్యాలెన్సింగ్ సమస్య, దానికి డిస్కులు మార్చడం దండగ. బ్రేకు తొక్కినప్పుడే వణికి, పెడల్ కూడా కాలిని తిరిగి తన్నుతుంటే తప్పు డిస్కులో ఉంది.

డిస్క్ వంకర పోయిందని అందరూ అంటారు. నిజానికి ఎక్కువసార్లు జరిగేది వంగడం కాదు, మందంలో తేడా రావడం. డిస్క్ ఒకచోట రవ్వంత మందంగా, ఇంకోచోట పల్చగా తయారవుతుంది. తేడా మిల్లీమీటరులో వందో వంతుల్లోనే ఉన్నా కాలికి తెలిసిపోతుంది. ఆ తేడా ఎలా వస్తుందంటే, డిస్క్ కూర్చునే హబ్ మీద తుప్పు పొర ఉంటే కొత్త డిస్క్ కూడా సమంగా కూర్చోదు. తిరిగిన ప్రతిసారీ ఒకేచోట ప్యాడ్‌కు రాసుకుని కొన్ని వేల కిలోమీటర్లలో అక్కడ అరుగుతుంది. పంక్చర్ షాపులో గన్నుతో నట్లు ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా బిగించినా ఇదే జరుగుతుంది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటిది టాప్ గేర్‌లో, బ్రేకు మీదే దిగి, కింద కారు ఆపి పెడల్ అలాగే తొక్కిపట్టుకుంటే కాలిన ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఒకేచోట అంటుకుంటుంది. ఘాట్‌లో సెకండ్ గేర్‌లో గానీ థర్డ్ గేర్‌లో గానీ దిగండి. దిగిన వెంటనే వేడి డిస్కుల మీద నీళ్లు కొట్టొద్దు.

పరిష్కారం ఏంటంటే, డిస్క్ మీద ‘మిన్ టిహెచ్’ అనే అక్షరాల పక్కన కనీస మందం మిల్లీమీటర్లలో వేసి ఉంటుంది. మైక్రోమీటర్‌తో డిస్క్ చుట్టూ ఆరు చోట్ల కొలవండి. మామూలు వర్నియర్ అయితే అంచున అరగకుండా మిగిలిన గట్టును కూడా కలిపి చూపిస్తుంది, మోసపోతారు. లేత్ మీద చెక్కించాక కూడా ఆ అంకె కన్నా మందం మిగిలేట్టుంటే చెక్కించొచ్చు. మిగలదంటే కొత్త జత తీసుకోండి. నా మాటైతే చిన్న కార్లకు కొత్త డిస్కులే నయం. పల్చటి డిస్క్ వేడిని ఆపుకోలేదు, వణుకు తొందరగా తిరిగొస్తుంది.

ఒక పక్కకు లాగుతోంది

ముందు టైర్లలో గాలి చూడండి. అది సరిగ్గానే ఉండి, బ్రేకు వేస్తే కారు ఎడమకు లాగుతుంటే తప్పు చాలాసార్లు కుడి చక్రంలో ఉంటుంది. కుడిది పట్టడం లేదు కాబట్టి ఎడమది గెలుస్తోంది. బ్రేకు వేయకుండానే ఒక పక్కకు పోతూ, ఆ చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంటే మాత్రం అదే చక్రంలో క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసింది, అంటే బిగుసుకుపోయింది. కాసేపు నడిపి ఆపాక రెండు చక్రాల దగ్గరా అరచేయి దూరంగా పెట్టి వేడి పోల్చండి. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు.

ఎక్కడ పట్టేసిందో తేల్చడానికి మంచి పద్ధతి ఒకటుంది. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి ముందు చక్రాన్ని లేపండి. బ్రేకు ఒకసారి తొక్కి వదిలాక చేత్తో తిప్పండి. కొంచెం రాసుకుంటూ తిరిగితే సరే. తిరగకపోతే క్యాలిపర్ వెనక ఉన్న బ్లీడ్ నిపుల్ (లైనులో గాలి తీసే చిన్న మర) కాస్త వదులు చేయండి. బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం విడుదలైతే ప్రెషర్ వెనక్కి పోవడం లేదన్నమాట. రబ్బరు హోస్ లోపల వాచి మూసుకుపోయి ఉండొచ్చు, పైన, పెడల్ తొక్కితే ప్రెషర్ పుట్టించే మాస్టర్ సిలిండర్‌లోనూ తప్పుండొచ్చు. నిపుల్ విప్పినా తిరగకపోతే ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ గానీ, క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్‌లు గానీ పట్టేశాయి. చూసిన వెంటనే నిపుల్ బిగించి, ఆయిల్ మట్టం సరిచేయండి.

2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ హనుమకొండ, వరంగల్ కాలనీల్లో నీళ్లు నిలిచాయి. అలా చక్రాలు మునిగిన ఏ కారుకైనా స్లైడ్ పిన్‌లు విప్పి చూడటం తప్పనిసరి. రబ్బరు బూటు ఏ కొంచెం చిరిగి ఉన్నా సన్నటి ఒండ్రు లోపలికి పోయి పిన్‌ను పట్టేస్తుంది.

పెడల్ మెత్తగా లోపలికి పోతోంది

స్పాంజిలా ఉంటే లైనులో గాలి ఉంది. రెండు మూడు సార్లు తొక్కితే గానీ అందకపోతే వెనక డ్రమ్ముల్లో షూలు (డ్రమ్మును లోపలి నుంచి నొక్కేవి) దూరమై ఉండొచ్చు, ముందు ప్యాడ్లు మార్చినా అది పోదు. ఆగి ఉన్నప్పుడు తొక్కిపట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంటే లీకేజీ గానీ మాస్టర్ సిలిండర్ గానీ చూపించుకోవాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం కానీ అది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. పొరపాటున కూడా ఇంజిన్ ఆయిల్ పోయకండి, రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి.

పాత ప్యాడ్లు చెప్పే సంగతి

విప్పిన నాలుగు ప్యాడ్లనూ ఎడమ లోపల, ఎడమ బయట, కుడి లోపల, కుడి బయట అని చాక్‌పీస్‌తో రాసి వరసగా పెట్టండి. నాలుగూ ఒకేలా అరిగితే బ్రేకులు ఆరోగ్యంగా ఉన్నాయి, కొత్తవి వేసుకోండి. లోపలిది బయటిదాని కన్నా బాగా అరిగి ఉంటే పిస్టన్ వెనక్కి రావడం లేదు, లేదా పిన్‌లు బిగిసి క్యాలిపర్ జరగడం లేదు. బయటిదే ఎక్కువ అరిగితే మొదట పిన్‌లనే అనుమానించాలి. ఒకే ప్యాడ్ ఒక కొసన మందంగా, రెండో కొసన పల్చగా ఏటవాలుగా ఉంటే రెండు పిన్‌లలో ఒకటే పట్టేసింది. పైభాగం అద్దంలా మెరుస్తూ గట్టిపడితే బాగా కాలింది, అంచులు కూడా పగిలి ఉంటే డిస్క్ రంగును చూడండి. అక్కడ నీలి మచ్చలుంటే దాన్నీ మార్చండి.

మార్చే పని

చదునైన గచ్చు కావాలి, మట్టి నేల వద్దు. ఎండాకాలమైతే పొద్దున్నే మొదలుపెట్టండి. కారుతో వచ్చిన జాకీ లేపడానికే, దాని మీద నమ్మకంతో పని చేయొద్దు. కింద యాక్సిల్ స్టాండ్ పెట్టండి, విప్పిన చక్రాన్ని కూడా కారు అంచు కిందికి తోసి ఉంచండి. చక్రం నట్లను నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పండి. ఏది ఎలా ఉండాలో సందేహమొస్తే రెండోది చూసుకోవచ్చు. మార్చడం మాత్రం రెండు పక్కలా మార్చాల్సిందే.

స్టీరింగ్‌ను బయటికి తిప్పితే క్యాలిపర్ వెనక బోల్టులు చేతికందుతాయి. కింది పిన్ బోల్టు విప్పి క్యాలిపర్‌ను పైకి ఎత్తితే ప్యాడ్లు వస్తాయి. డిస్క్ కూడా మార్చాలంటే క్యాలిపర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ రెండు పెద్ద బోల్టులూ విప్పాలి. పొడవాటి పానాతో గానీ కదలవు. క్యాలిపర్‌ను హోస్‌కు వేలాడదీయకండి, బైండింగ్ వైర్‌తో సస్పెన్షన్ స్ప్రింగ్‌కు కట్టండి.

డిస్క్ హబ్‌కు అతుక్కుపోయి ఉంటుంది. సుత్తితో బాదే ముందు దాని ముఖం మీద రెండు మర రంధ్రాలున్నాయేమో చూడండి. చాలా కార్లకు ఉంటాయి, సాధారణంగా ఎం8 సైజు. రెండిట్లోనూ బోల్టులు పెట్టి మార్చి మార్చి బిగిస్తూ పోతే డిస్క్ దానంతటదే బయటికి తోసుకొస్తుంది. వచ్చాక హబ్‌ను వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దండి. వణుకు తిరిగి రాకుండా చేసేది ఈ పది నిమిషాల పనే. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో రెండు పక్కలా పూర్తిగా తుడవాలి. ఆ తర్వాత దాని మీద వేలిముద్ర కూడా పడనీయకండి. బ్రేకు దుమ్మును గాలి కొట్టి లేపొద్దు, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తీయండి.

పిన్‌లు రెండూ బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, సిలికాన్ బ్రేక్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. కొన్ని కార్లలో ఒక పిన్‌కు చివర రబ్బరు బుష్ ఉంటుంది, ఏది ఏ రంధ్రంలోంచి వచ్చిందో అందులోకే పోవాలి. పెట్టాక వేళ్లతో నెడితే పిన్ సులువుగా లోపలికి, బయటికి జరగాలి.

పిస్టన్‌ను వెనక్కి నెట్టే ముందు బానెట్ తీసి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగే కొద్దీ మట్టం తగ్గడం సహజం. ఎవరైనా మధ్యలో నింపి ఉంటే ఇప్పుడు పొంగుతుంది, సిరంజితో కాస్త తీసేయండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేస్తుంది. పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి సీ క్లాంప్‌తో మెల్లగా, తిన్నగా నెట్టండి. మొండికేసినా, చుట్టూ ఉన్న బూటు చిరిగి తడిగా కనిపించినా అక్కడితో ఆపి క్యాలిపర్‌ను మెకానిక్‌కు చూపించండి.

ప్యాడ్లు, క్లిప్పులు కూర్చోబెట్టి బోల్టులు మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. చక్రం నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కుతూ ఉండండి. పిస్టన్ వెనక ఉంది కాబట్టి మొదటి తొక్కుకు బ్రేకు అస్సలు ఉండదు. ఇది మరిచిపోయి గేటు బయటికి తీస్తే ఎదుటివాడి గోడకే ఆగుతుంది. ఆయిల్ మట్టం మళ్లీ చూసి, గల్లీలో నడక వేగంతో రెండుసార్లు ఆపి చూడండి.

కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవాలి. ప్యాడ్ పెట్టె మీద పద్ధతి రాసి ఉంటే అదే చేయండి. లేకపోతే హసన్‌పర్తి దాటాక దొరికే ఖాళీ రోడ్డు లాంటి చోట, వెనక ఎవరూ లేనప్పుడు 60 నుంచి 15 దాకా ఒక మోస్తరు బ్రేకుతో ఎనిమిది పది సార్లు తగ్గించండి, మధ్యలో అరనిమిషం చల్లారనివ్వండి. పూర్తిగా ఆగొద్దు. చివర్లో కాసేపు బ్రేకు లేకుండా నడిపి ఇంటికి రండి. కొంచెం వాసన వస్తుంది, కంగారు పడక్కర్లేదు. ఒక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూసుకోండి, రెండు చక్రాల వేడీ ఇంకోసారి పోల్చండి.