గేజ్ సరిపోయినా షాఫ్ట్ దూరని బుష్: కారణం ఎక్కడుంది?

సమస్య: పలుచని గోడ ఉన్న గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) బుష్‌ను, అంటే షాఫ్ట్ దూరే గొట్టం లాంటి ముక్కను, లేత్ మీద మూడు జాలు (పట్టే దవడలు) ఉన్న చక్‌లో పట్టి 50 మి.మీ. బోరు (లోపలి రంధ్రం) తీశారు. రెండు కొసలతో బోరు వ్యాసాన్ని కొలిచే బోర్ డయల్ గేజ్‌ను చుట్టూ తిప్పి చూస్తే కొలత ఎక్కడా మారడం లేదు. అయినా షాఫ్ట్ లోపలికి దూరడం లేదు, లేదా సగం దూరి పట్టేస్తోంది.

గేజ్ పాడైందని తేల్చేముందు షాఫ్ట్‌ను మైక్రోమీటర్‌తో కొలవండి. ఈ పని చేయకుండా బుష్‌ను మళ్లీ చక్‌కు ఎక్కించేవారిని చూసి విసిగిపోయాను. బోరు అంచున మిగిలిన బర్‌ను (కోసినప్పుడు లేచే పదునైన లోహపు పొరను) తీసివేయండి. బుష్ చల్లారాకే కొలవండి: గన్‌మెటల్ బోరు 50 మి.మీ. ఉన్నప్పుడు 30 డిగ్రీల వేడి పెరిగితే వ్యాసం సుమారు 0.027 మి.మీ. పెరుగుతుంది, కాగా ఆ సైజుకు హెచ్7 ఫిట్‌లో (రంధ్రం సైజుకు వాడే ఒక ప్రామాణిక హద్దు) అనుమతించే మొత్తం తేడా 0.025 మి.మీ. మాత్రమే. బుష్‌ను హౌసింగ్‌లో (అది కూర్చునే భాగంలో) ప్రెస్ చేశాక షాఫ్ట్ పట్టేస్తుంటే బోరు ముడుచుకున్నదని అర్థం, దానికి తర్వాత రీమర్ (రంధ్రాన్ని కొద్దిగా కోసి సైజుకు తెచ్చే టూల్) వేయాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాయంటే అసలు దొంగ చక్ జాలే. ఒకసారి ఒక లాట్ బుష్‌లు మొత్తం నా దగ్గరికి వాపసు వచ్చాయి. ప్రతిదాన్నీ నేనే గేజ్‌తో చూసి పంపాను కాబట్టి తప్పు అవతలివారి షాఫ్ట్‌దేనని రెండు రోజులు వాదించాను. తప్పు నాదే.

చక్ బిగించినప్పుడు మూడు జాల కింద గోడ లోపలికి నొక్కుకుపోతుంది, జాల మధ్య భాగం కాస్త బయటికి ఉబ్బుతుంది. ఆ స్థితిలో టూల్ బోరును గుండ్రంగానే కోస్తుంది. చక్ వదలగానే నొక్కుకున్న చోటు వెనక్కి వెళ్తుంది, ఉబ్బిన చోటు లోపలికి వస్తుంది, దానితో బోరు మూడు మూలలున్న ఆకారంలోకి మారుతుంది. రెండు కొసలతో తాకే గేజ్‌కు ఈ తేడా చిక్కదు, ఎందుకంటే ఒక కొస లోతుగా ఉన్న చోట ఆనినప్పుడు, దాని ఎదురుగా ఉన్న రెండో కొస సరిగ్గా లోపలికి వచ్చిన చోటే ఆనుతుంది. ఒకవైపు పెరిగినంత రెండోవైపు తగ్గడంతో వ్యాసం ఎక్కడ చూసినా దాదాపు ఒకటే చూపిస్తుంది. షాఫ్ట్ మాత్రం లోపలికి వచ్చిన ఆ మూడు చోట్ల ఒకేసారి తగులుతుంది.

దీన్ని రుజువు చేయడానికి షాఫ్ట్‌కు మార్కింగ్ బ్లూ (తాకిన చోట అంటుకునే నీలి రంగు) పలుచగా పూసి, వెళ్లినంత వరకు దూర్చి తీయండి. బుష్ బయటి ముఖంపై ఉన్న జా గుర్తులకు సరిగ్గా మధ్యలో, బోరు లోపల మూడు నీలి మచ్చలు పడితే అనుమానం అక్కర్లేదు. మూడు కొసల ఇన్‌సైడ్ మైక్రోమీటర్ ఉంటే దాన్ని ఒకచోట చూసి 60 డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి, రెండు కొలతలూ వేరుగా వస్తాయి.

పరిష్కారం: బయటి టర్నింగ్, బోరు రెండూ కడ్డీ మీదే పూర్తిచేసి చివరగా పార్టింగ్ చేయడం (కడ్డీ నుంచి కోసి వేరుచేయడం) అన్నిటికంటే మేలు, ఎందుకంటే అప్పుడు జాల ఒత్తిడి బుష్ వరకు రాదు. విడి ముక్కనే పట్టవలసి వస్తే, సాఫ్ట్ జాలను (కోసి ఆకారం ఇచ్చుకోగల మెత్తని జాలను) బుష్ బయటి వ్యాసానికి సరిగ్గా బోర్ చేసుకుని, గోడ చుట్టూ వీలైనంత వెడల్పుగా ఆనేలా పట్టండి. రఫ్ కట్ అయ్యాక చక్‌ను పూర్తిగా వదిలి, బుష్ తన ఆకారానికి వచ్చాక తేలికగా బిగించి, పదునైన టూల్‌తో పలుచని చివరి కట్ వేయండి. ఇప్పటికే చెడిపోయిన బుష్‌లో లోతైన చోట్లు ఇంకా సైజు దాటకపోతే, దాన్ని చుట్టూ నొక్కకుండా ముఖం మీద క్లాంప్ చేసి మళ్లీ బోర్ చేయవచ్చు. దాటితే తుక్కులోకే.

లేత్ బెడ్ (కింది పొడవాటి దిమ్మ) మెలిక, స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) బేరింగ్ అరుగుదల కూడా బోరును చెడగొడతాయి. కానీ బెడ్ మెలిక ఉంటే బోరు ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నబడుతుంది, అది గేజ్‌కే దొరుకుతుంది. బేరింగ్ అరిగితే బుష్ ఒక్కటే కాదు, ఆ లేత్ మీద తీసిన ప్రతి పనీ చెబుతుంది.