తవ్వకానికి ముందు స్థానికుల ఒప్పుకోలు ఎలా తీసుకోవాలి?

పురావస్తు తవ్వకానికి పర్మిషన్ ప్రభుత్వం ఇస్తుంది. ఆ నేలను నమ్ముకుని బతుకుతున్నవాళ్ల ఒప్పుకోలు వేరు. కాగితం చేతికొచ్చింది కదా అని రెండోదాన్ని వదిలేసే బృందాలు ఇప్పటికీ ఉన్నాయి. వలస పాలన నేర్పిన అలవాటు అది: తవ్వేదీ బయటివాళ్లే, తీసుకుపోయేదీ వాళ్లే, చివరికి చరిత్ర రాసేదీ వాళ్లే. అది పోవాలంటే పని చేసే వరుస మారాలి.

ముందు ఎవరితో మాట్లాడాలో చూసుకోండి. భూమి ఉన్నవాళ్లు, అక్కడ పశువులు మేపేవాళ్లు, ఆడవాళ్లు, ఒకప్పుడు ఆ చోటు వదిలి వెళ్లిపోవాల్సి వచ్చినవాళ్లు. వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక మ్యాపు, వాళ్ల భాష బాగా తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. ప్రొజెక్టర్ మాత్రం తీసుకెళ్లొద్దు. తెర మీద బొమ్మలు కదులుతుంటే జనం చూస్తూ కూర్చుంటారు, నోరు విప్పరు.

ఇక అడగడం. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. ప్రశ్నలు రాసేసుకుని, ఫండింగ్ తెచ్చుకుని, ట్రెంచ్ (తవ్వే గుంట) ఎక్కడ వెయ్యాలో గీసేసి, అప్పుడెళ్లి "మీకేం అభ్యంతరం లేదు కదా?" అంటారు. ఆ దశలో వద్దనడం ఎవరికైనా కష్టమే. ప్లాన్ రాయకముందే వెళ్లండి. మొదట "ఈ చోటు గురించి మీరేం తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని, ఆ తర్వాత "ఎక్కడ ముట్టుకోకూడదు?" అని అడగండి.

రెండోదానికి జవాబు వెంటనే రాదు. మ్యాపు పరిచినప్పుడు ఒక పెద్దావిడ వేలు ఒకచోట ఆగి, చప్పున పక్కకు జరగొచ్చు. అక్కడికక్కడే పెన్నుతో గుర్తు పెట్టకండి, అందరిముందూ గుచ్చి గుచ్చి అడగకండి. తర్వాత విడిగా వెళ్లి, ఆవిడ చెప్పినంతే వినండి. ఎవరూ మాట్లాడకపోతే దాన్ని ఒప్పుకోలుగా రాసుకోవద్దు. వద్దన్నచోట తవ్వకూడదు, అంతే. బతిమాలడం కూడా ఒత్తిడే.

అస్థికలు బయటపడితే ఏం చెయ్యాలో ముందే రాసుకోండి: పని ఎవరు ఆపుతారు, కబురు ఎవరికి వెళ్లాలి, ఫొటో తియ్యొచ్చా, డీఎన్ఏ శాంపిల్ మాటేమిటి. ఆస్ట్రేలియాలో మంగో సరస్సు దగ్గర 1974లో దొరికిన ఆదిమ కాలపు 'మంగో మనిషి' అస్థికలను కాన్‌బెర్రాకు తరలించారు. అవి తిరిగి సొంత నేలకు చేరింది 2017లో. అమెరికాలో 1996లో దొరికిన కెన్నెవిక్ అస్థికలు మా పూర్వీకుడివని అక్కడి మూలవాసీ తెగలు మొదటినుంచీ అంటూనే ఉన్నాయి. కోర్టుల్లో ఏళ్లు గడిచాక, 2015లో డీఎన్ఏ పరీక్ష అతను అమెరికా మూలవాసులకు దగ్గరివాడని తేల్చింది. అప్పటిదాకా తెగల మాట నెగ్గలేదు.

'తవ్వకం అయ్యాక ఒకరోజు అందర్నీ పిలిచి చూపిస్తాం' అనే పద్ధతి నాకు నచ్చదు. అందులో స్థానికులు నిర్ణయించేది ఏమీ ఉండదు. దీనికి భిన్నంగా, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఓజెట్ దగ్గర 1970లో తుఫాను తీరాన్ని కోసేసి పాత ఇళ్లను బయటపెట్టినప్పుడు, పురావస్తు శాస్త్రవేత్తను పిలిపించింది అక్కడి మూలవాసులైన మకా తెగవాళ్లే. దొరికిన వస్తువులు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. వాటికోసం 1979లో సొంత మ్యూజియం తెరిచారు.

మిగతావి తేలికే. తవ్వకం పనిలోకి వచ్చినవాళ్లకు కూలీ ఇవ్వండి, రిపోర్టులో వాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటేనే వెయ్యండి. అచ్చుకు పంపేముందు ఆ రిపోర్టును వాళ్ల భాషలో చదివి వినిపించండి. తీసెయ్యమన్న ఫొటో తీసెయ్యండి.