పురుగుమందు డబ్బాలోని కాగితం పారేయకండి
డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంది కదా అని పురుగుమందుతో వచ్చిన కాగితాన్ని గట్టు మీద పడేయకండి. విషం సోకితే కనిపించే లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు మందు వివరం అందులో ఉంటాయి. చేలో సిగ్నల్ అందకపోవచ్చు. మందు ఒలికి కోడ్ చెరిగిపోతే ఫోను దాన్ని చదవలేదు.

మూత తీయకముందే, చేతులు శుభ్రంగా ఉండగానే రెండు ఫొటోలు తీయండి. ఒకటి లేబుల్‌ది: విషం తీవ్రతను చూపే రంగు త్రికోణం, రసాయనం పేరు, శాతం స్పష్టంగా పడాలి. రెండోది కాగితంలోని తెలుగు భాగానిది. అచ్చు మరీ సన్నం, ఫోనులో పెద్దది చేసుకుని చదవడమే తేలిక. మోతాదూ అక్కడే సరిచూసుకోవచ్చు. రెండూ ఇంట్లోవాళ్ల వాట్సాప్‌కు పంపండి. స్పృహ తప్పిన మనిషి ఫోను లాక్ ఎవరు తీస్తారు?

కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంటి దగ్గర ఉంచండి. అవసరమొస్తే 108కి ఫోన్ చేసి, దాన్ని వెంట తీసుకెళ్లండి. డాక్టరు ముందు అడిగేది రసాయనం పేరే. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే అట్రోపిన్ అనే విరుగుడు ఇస్తారు. పారాక్వాట్ అనే కలుపుమందుకు ప్రత్యేకమైన విరుగుడే లేదు. త్రికోణం ఆకుపచ్చగా ఉందని తేలిగ్గా తీసుకోకండి, ఎరుపు, పసుపు, నీలం కంటే విషం తక్కువనే దాని అర్థం.