పీటీఈ రీడ్ అలౌడ్‌లో నాకు పనిచేసింది ఇది

మాది నల్గొండ దగ్గర పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. విదేశాలకు పోనీకి రాసే పీటీఈ ఇంగ్లిష్ పరీక్షకు మాక్ టెస్ట్ రాసినప్పుడల్లా రీడ్ అలౌడ్‌లోనే, అంటే తెరమీది పేరాను మైక్‌ల చదివే భాగంలోనే దెబ్బ పడేది, పెద్ద పదం రాంగనే ఆగుడు, మళ్ల వెనక్కిపోయి సరిచేసుడు. పేపర్ గట్టిగ చదివిన, యాప్‌ల రోజూ 50 పేరాలు చేసిన, ఫాస్ట్‌గ చదివిన, ఏం ఫాయిదా లేదు.

ఒకరోజు నా గొంతు ఫోన్ల రికార్డ్ చేసుకొని ఇన్న. ప్రతి పదం చివర ఉకారం పెడుతున్న, టెస్టు, వరల్డు, గవర్నమెంటు అని, అందుకే మాటకు మాటకు మధ్య గ్యాప్ వస్తుందని అప్పుడు సమజైంది.

ముందు ఆ చివరి అచ్చు తీసేసి తర్వాతి పదంతో కలిపిన, టెస్టు ఈజు కాదు, టెస్టీజ్. తర్వాత ప్రిపరేషన్‌కిచ్చే 30, 40 సెకన్లల్ల మనసుల చదువుకునుడు బంద్ చేసి, నోరు కదుపుతూ మెల్లగ చదివి, ఎక్కడ ఊపిరి తీయాల్నో చూసుకున్న. రికార్డింగ్ మొదలైనంక తప్పు పోయినా వెనక్కి పోలే, 3 సెకన్లు సప్పుడు లేకుంటే మైక్ బంద్ అయితది కదా.

మూడు వారాలు పట్టింది. మీ ఇబ్బంది స్పెల్లింగ్ చూసి పదం పలకరాకపోవుడైతే దీంతోని ఎంత లాభముంటదో చెప్పలేను, ముందుగాల రికార్డ్ చేసుకొని ఇనుండ్రి.