ఇన్సులిన్ నిరోధకత ఉన్నవారు భోజనం వడ్డించుకోవలసిన తీరు

క్లోమం ఇన్సులిన్‌ను స్రవిస్తున్నా కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు దానికి సరిగా స్పందించకపోవడాన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు. అవసరానికి మించి తిన్న పిండిపదార్థాలు, చక్కెర, నూనె కాలేయంలోనూ పొట్టలోనూ కొవ్వుగా పేరుకున్నకొద్దీ ఆ స్పందన మందగిస్తుంది. లోటు పూడ్చడానికి క్లోమం ఏళ్ల తరబడి మరింత ఇన్సులిన్ విడుదల చేస్తూ చివరకు అలసిపోతుంది. అందువల్ల పరగడుపు చక్కెర డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకముందే సమస్య మొదలై ఉండవచ్చు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే తిండి తీరును సరిచూసుకోవాలి.

మన భోజనంలో అన్నం పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో మరోసారి, పెరుగుతో చివరిసారి కంచంలోకి వస్తుంది. ప్రతి మారూ కొత్తగా వడ్డించుకోవడం వల్ల మొత్తం ఎంత తిన్నామో లెక్కకు అందదు. 150 గ్రాముల తెల్లన్నంలోనే సుమారు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కాబట్టి ఒక కప్పు అన్నం ముందే కొలిచి, కంచంలో ఒక పక్కన పెట్టుకుని, మారు వడ్డన మానుకోవాలి. కంచంలో సగం బీరకాయ, గోరుచిక్కుడు, తోటకూర వంటి కూరలకు వదిలి, మిగిలిన చోట గట్టి పప్పు, గుడ్డు లేదా చేప ఉంచుకోవాలి. ముందు కూర, పప్పు విడిగా కొంత తిన్నాకే అన్నం కలుపుకోవాలి. పీచు, మాంసకృత్తులు ముందుగా చేరితే జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది కనుక రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. చారును గ్లాసులో పోసుకుని తాగవచ్చు, పెరుగును ఉత్తగానే తినవచ్చు. పెరుగన్నం లేనిదే భోజనం పూర్తయినట్లుండదనేవారు ఆ కప్పులోంచే రెండు ముద్దలు మిగుల్చుకోవాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెబుతున్నాయి. ధాన్యాలంటే గోధుమలు, చిరుధాన్యాలు కూడా అని చాలామంది మరిచిపోతారు. రాత్రి అన్నం మాని నాలుగు చపాతీలు, బంగాళాదుంప కూర తింటే ఒరిగేది స్వల్పమే. మెత్తగా ఉడికిన రాగి జావ, అందులోనూ బెల్లం వేసినది, త్వరగా జీర్ణమై చక్కెరను పెంచుతుంది. అల్పాహారానికి పొట్టు పెసలతో వేసిన పెసరట్టు ఇడ్లీ కంటే మేలు, లోపల ఉప్మా పెట్టనంత వరకు. పండ్ల రసం బదులు జామకాయ కొరికి తినడం మంచిది.

భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే, పనిచేసే కండరాలు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటాయి.

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మధుమేహం మాత్రలు గాని వాడేవారు వైద్యునికి చెప్పకుండా అన్నం బాగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పులు పెంచేముందు వైద్యుని అడగాలి. ఈ తీరు మూడు నెలలు పాటించాక గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకుని, మునుపటి ఫలితంతో పోల్చి చూసుకోవాలి.